అర్జీల రాశిలో ఒక అర్జీ

మెదక్ ప్రాంతమునకు మెతుకుసీమ యను పేరు కలదు. వరి పండించు ఈ నేలలో ధాన్యమును జల్లించుట ఎవరికిని క్రొత్త కాదు. జల్లెడ కన్ను పెద్దదైనచో మట్టితోపాటు గింజయు జారును. మరీ చిన్నదైనచో గింజతోపాటు మట్టియు నిలుచును. నేటి ప్రసంగము ధాన్యమును గూర్చినది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములలోని లోపములపై వచ్చు ఫిర్యాదులను జల్లించుటను గూర్చినది.

2016 అక్టోబరు 11న మెదక్ పట్టణము జిల్లా కేంద్రమైనది. ఇచ్చటి కలెక్టరు కార్యాలయమున సోమవారములందు ప్రజావాణి జరుగును. వచ్చిన అర్జీ ఏ శాఖకు చెందినది, ఏ మండలమునకు చెందినది, పరిష్కారమైనదా లేదా యని చూచుకొననిదే పని సాగదు. ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి రిజిస్టరే యుండును. అందలి యొక్కొక్క ఫిర్యాదును 'ఇష్యూ' యందురు. దానికి సంఖ్య, శీర్షిక, వ్రాసినవారి పేరు, పని నప్పగింపబడినవారి పేరు, తేది, 'లేబుల్' అను చీటి యుండును. అది తెరచియున్నదా, మూయబడినదా యను స్థితియు నుండును. పెద్ద ప్రాజెక్టులలో ఇవి వేలసంఖ్యలో నుండును.

పుటవెంట పుట త్రిప్పుచు వీనిని వెదకుట కష్టము. కావుననే కొందరు కమాండ్ లైను నాశ్రయింతురు. అనగా కోరినదానిని ఒక్క పంక్తిలో టైపుచేసి యంత్రము నడుగుదురు. గిట్‌హబ్ వారు ఇందుకై 'జీహెచ్' అను సాధనము యొక్క మొదటి పూర్తి సంచికను 2020 సెప్టెంబరులో వెలువరించిరి. 'జీహెచ్ ఇష్యూ లిస్ట్' అని యడిగినచో ఫిర్యాదుల పట్టిక వచ్చును. లేబుల్ చెప్పినచో ఆ చీటి గలవే వచ్చును. రెండు లేబుళ్లు చెప్పినచో రెండును గలవే వచ్చును. వచ్చిన ఫలితమును మరియొక ప్రోగ్రామునకు అందించి తిరిగి జల్లింపవచ్చును. ఒక జల్లెడ క్రింద మరియొక జల్లెడ నుంచు ఈ పద్ధతి, డగ్ మెక్‌ఇల్‌రాయ్ సూచనపై, 1973లో యూనిక్స్‌నందు ప్రవేశించినది.

ఇందొక మెలకువ కలదు. వేరుగా చెప్పనిచో ఆ పట్టిక తెరచియున్న ఫిర్యాదులనే, అందును ముప్పదింటినే చూపును. ముప్పదియొకటవది యుండియు కనబడదు. గతేడాది మూసిన ఫిర్యాదు కనబడదు. చీటి యంటింపని ఫిర్యాదు చీటితో వెదకినవానికి ఎన్నడును చిక్కదు. అది చూచి "ఇట్టి లోపమును ఎవరును చెప్పలేదు" అని నిర్ణయించుట తగదు. స్థితి 'ఆల్' అనియు, పరిమితి యింత యనియు మనమే చెప్పవలెను.

ఈ జాగ్రత్త తెలుగువారికి మరింత అవసరము. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అను మన అక్షరమున కంటికి కనబడని యొక సంకేతము చేరినప్పుడు, దానిని చూపబోయిన ఐఫోనులోని సందేశముల ప్రోగ్రాములు ఆగిపోయినవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న వెలువరించిన ఐఓఎస్ 11.2.6తో దానిని సరిదిద్దినది. లోకమంతటను గగ్గోలు పుట్టినది గనుక ఆ లోపము దాగలేదు. కాని ఒక వత్తు తప్పుచోట పడుట, ఒక గుణింతము విడిపోవుట వంటి చిన్న ఫిర్యాదులు గగ్గోలు పుట్టింపవు. వ్రాసినవాడు 'తెలుగు' అని తెలుగు లిపిలో వ్రాయవచ్చును, ఇంగ్లీషు లిపిలో వ్రాయవచ్చును, అక్షరము పేరు మాత్రమే వ్రాయవచ్చును. ఒక్క మాటతో వెదకి విరమించినచో తక్కినవి మరుగుననే యుండును. ఆ లోపము వేలమంది తెరలమీద అట్లే నిలిచియుండును.

కావున వెదకువారు రెండు మూడు విధముల ప్రశ్నింపవలెను. మూసినవానిని గూడ చూడవలెను. చీటిలేనివానిని వేరుగా పిలువవలెను. ఫిర్యాదు వ్రాయువారును లోపము కనబడిన అక్షరమును, యంత్రమును, ప్రోగ్రాము సంచికను స్పష్టముగా వ్రాసినచో వెదకువారికి దారి సులభమగును. యంత్రము అడిగినదానికే బదులు చెప్పును. అడుగనిదానిని లేనిదానిగా నెంచకుండుట మన వంతు.