నదీ విహారం – ఒడ్డున ఉన్నవారు

బిలాస్‌పూర్ తెలిపారాలోని తెలుగు పిల్లలకు అర్పా నది తెలుసు. వానలు వెళితే అక్కడ ఇసుకే మిగులుతుంది. అదే ఛత్తీస్‌గఢ్ దక్షిణాన పారే ఇంద్రావతి, శబరి నదుల నీరు గోదావరిలో కలిసి పాపికొండల మధ్య సాగుతుంది. ఆ నీటిపైనే పర్యాటకుల లాంచీలు తిరుగుతాయి.

2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా, కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న పర్యాటక పడవ మునిగింది. 26 మందే బతికారు. వారిలో చాలామందిని కాపాడింది సమీప గ్రామస్థులు, వారి పడవలు.

సుడి ఎక్కడుందో ఒడ్డున బతికేవారికి తెలుసు. కనుక పడవ కదలాలా వద్దా అన్నచోట వారి మాటకు విలువ ఉండాలి; టికెట్టు సొమ్ములో వాటా వారి ఊరికి చేరాలి. మీరూ లైఫ్ జాకెట్ విప్పకండి, చెత్త నదిలో వేయకండి, కొండరెడ్ల వెదురు బొమ్మను గీచిగీచి బేరమాడకండి.