అంబులెన్సులో ఏం చేస్తే మనిషి బతుకుతాడు?



క్యాజువాల్టీలో ఎవరైనా "ఇది బాగా పనిచేస్తుంది సార్" అంటే మా మాస్టారు తలెత్తకుండానే "దేనితో పోల్చి చూశావు?" అనేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నారు కాబట్టి, ఆ ప్రశ్ననే ఇవాళ అంబులెన్సుకు వేస్తాను.

నెపోలియన్ సేనలో సర్జన్ లార్రే నడిపిన అంబులెన్సు గుర్రబ్బళ్లు, రెండు ప్రపంచయుద్ధాలు, ప్రమాద మరణాలపై 1966 నాటి అమెరికా నివేదిక మీకు తెలిసినవే. వాటిమీద నాకంత మోజు కూడా లేదు. నేను పాత సంపుటాల దుమ్ము పీల్చింది బెల్‌ఫాస్ట్ కోసం.

అక్కడి రాయల్ విక్టోరియా ఆస్పత్రిలో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అని గుండె డాక్టరు. యుద్ధంలో జపాన్ సేనకు చిక్కి, బర్మా రైలుమార్గం దగ్గర బెరిబెరితో చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి. గుండెపోటుతో పోయేవాళ్లలో చాలామంది ఆస్పత్రి మెట్లెక్కకముందే పోతున్నారని అప్పటికే లెక్కలున్నాయి. మరి కరొనరీ వార్డులో కూర్చుని ఎవరికోసం ఎదురుచూడాలి? 1966 జనవరిలో ఆయన వార్డునే వీధిలోకి పంపాడు. అప్పటి డీఫిబ్రిలేటర్ గోడ ప్లగ్గు ఉంటేనే నడిచేది. దాన్ని కారు బ్యాటరీలకు, ఇన్వర్టర్‌కు తగిలించి అంబులెన్సులోకి ఎక్కించారు. మొత్తం సుమారు 70 కిలోలు. రోగి ఒకరైతే, యంత్రం ఇంకో రోగి అంత బరువు! దానితోపాటు డాక్టరూ నర్సూ రోగి ఇంటికే వెళ్లేవారు. కొన్నాళ్లకే ఆయన బృందం ఆ బరువును మూడు కిలోల చిల్లరకు దించింది.

1967 ఆగస్టులో పాంట్రిడ్జ్, ఆయన సహచరుడు గెడ్డెస్ రాసిన వ్యాసం 'లాన్సెట్'లో వచ్చింది. ఆస్పత్రి బయట గుండె ఆగిన 10 మందిని తిరిగి బతికించారు, వాళ్లలో సగంమంది ఇల్లు చేరారు. పోల్చడానికి రెండో గుంపు లేదు. అందుకే మన మిత్రులు కొందరు అది సాక్ష్యం కాదు, కథ అంటారు. నేనొప్పుకోను. ఫిబ్రిలేషన్‌లో పడ్డ గుండెను షాకివ్వకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలియనిదెవరికి? రెండో గుంపు ఫలితం ముందే తెలిసినప్పుడు దాన్ని మళ్లీ కూడగట్టనక్కర్లేదు. మాస్టారు ఉండుంటే ఇక్కడ నాతో ఒక పూటంతా వాదించేవారు.

ఆ మిత్రులే 2004 దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచుతారు. కెనడాలోని ఒంటారియోలో ఇయాన్ స్టీల్ బృందం 17 నగరాల్లో ఓపల్స్ అధ్యయనం చేసింది. షాక్ త్వరగా అందే ఏర్పాటు అప్పటికే ఉంది. దానిమీద ఇంట్యుబేషన్, ఐవీ మందులు చేర్చారు. ఆస్పత్రి బయట గుండె ఆగిన 5,638 మంది రోగులు. బతికి ఇల్లు చేరినవాళ్లు ముందు 5.0 శాతం, తర్వాత 5.1 శాతం. ఇంకేం, "పారామెడిక్ దండగ, ట్యాక్సీ చాలు" అనేశారు.

అయ్యా, ఆ పరిశోధన అడిగింది పారామెడిక్ కావాలా వద్దా అని కాదు. షాక్ సకాలంలో అందాక, ఆపైన ఇవి ఇంకేమైనా కలుపుతాయా అని. అదే బృందం 1999లో, షాక్‌ను త్వరగా అందించినందుకే బతికి ఇల్లు చేరినవాళ్లు 3.9 శాతం నుంచి 5.2 అయ్యారని చూపింది. ఊపిరాడని రోగుల్లో, పైస్థాయి చికిత్సలు చేర్చాక మరణాలు 14.3 నుంచి 12.4 శాతానికి తగ్గాయని 2007లో రాసింది. మూడు వ్యాసాల్లో ఒక్కటే చదివి తీర్పు చెబితే ఎలా?

గాయాల విషయంలో మాత్రం నేను వాళ్ల పక్షమే. 1994లో హ్యూస్టన్‌లో, మొండెంలో కత్తిపోట్లు, తూటాలు దిగి బీపీ పడిపోయిన 598 మందిని చూశారు. దారిలోనే నరంలోకి ద్రవాలు ఎక్కించినవాళ్లలో 62 శాతం బతికారు. ఆపరేషన్ గది చేరేదాకా ఆపినవాళ్లలో 70. రక్తం కారే చోటు మూయకుండా బీపీ పెంచితే జరిగేది అదే.

అధ్యక్షులవారి చీటీ వచ్చింది, పరిగెత్తక తప్పదు. 2000లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పిల్లలకు శ్వాసనాళంలో గొట్టం వేసినా, మాస్కు, బ్యాగుతో ఊపిరందించినా బతకడంలో తేడా రాలేదు. 2012లో, ఆగని ఫిట్స్‌కు నరం వెతికి ఇచ్చే మందుకంటే కండలో పొడిచే మిడజొలామ్ తీసిపోలేదని, కొంత మెరుగేనని తేలింది. 2018లో బ్రిటన్‌లో గుండె ఆగిన 8,014 మందిపై అడ్రినలిన్ పరీక్ష చేశారు. 30 రోజులకు బతికున్నవాళ్లు మందుతో 3.2 శాతం, మందు లేకుండా 2.4. కానీ బతికి ఇల్లు చేరినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు మందు గుంపులో 31 శాతం, రెండో దానిలో 17.8.

చివరగా మన 108 అంబులెన్సు సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. పైన చెప్పిన పరిశోధనల్లో ఎక్కువభాగం ఆగిన గుండెలు, తూటాలు. మన బండికి వచ్చే పిలుపుల్లో పురిటి నొప్పులదే పెద్ద వాటా, కాబట్టి ఒంటారియో జవాబు మనకు సగమే అక్కరకొస్తుంది. 48 గంటల తర్వాత ఫోన్ చేసి రోగి ఎలా ఉన్నారో కనుక్కునే మంచి పద్ధతి మనవాళ్లు పెట్టుకున్నారు. కాన్పు కేసుల్లో మాత్రం ఆ విచారణ తల్లికీ బిడ్డకీ 42 రోజులదాకా సాగాలి, ఆస్పత్రి రికార్డుతో కలిపి చూడాలి. ఇక ప్రశ్నలుంటే అడగండి.