తాళంచెవి ఎవరి దగ్గర?

 

డ్వాక్రా మహిళా పొదుపు సంఘాల పనిలోనే నా తల నెరిసింది. ఆ అనుభవం చూసే నన్ను పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ పంపారు. 1991లో అక్కడి మరాది ప్రాంతంలో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్ళతో పొదుపు సంఘాలు పెట్టించింది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఆఫ్రికా దేశాలకు పాకింది. ఒక్కో సంఘానికి ఓ ఇనప్పెట్టె, దానికి మూడు తాళాలు. పెట్టె ఒకరింట్లో, తాళంచెవులు వేరే ముగ్గురి దగ్గర. అందరూ చాపల మీద కూర్చున్నాకే పెట్టె తెరుస్తారు. అక్షరం రాని ఆడవాళ్ళు కిందటిసారి పెట్టెలో ఎంత మిగిలిందో నోటితో చెబుతుంటే వింటూ ఉండిపోయాను. వేరుశనగ నూనె తీసి అమ్ముకోవడానికో, మేకపిల్లను కొనడానికో అప్పు అడుగుతారు. ఎందుకో అందరి ముందూ చెప్పాలి. వడ్డీ కూడా పెట్టెలోకే. ఏడాది తిరిగేసరికి అంతా పంచుకుంటారు.

నా దిగులల్లా ఈరోజు పట్టాలందుకుని ఇలాంటి పనిలోకి వెళ్ళబోయే మీ గురించే. అలాంటి పెట్టె కనబడగానే పెద్ద అప్పు ఇప్పిద్దామని మీ చేతులు దురద పెడతాయి. వద్దర్రా! మన దగ్గర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2010 నాటికి ఏమైంది? ఒకే ఇల్లాలి మీద నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పులు, గుమ్మంలో వసూలు మనుషులు, ఆత్మహత్యలు. చివరికి ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. అనంతపురంలోనూ చూశాను, నైజర్‌లోనూ చూశాను: సంతకం భార్యది, సొమ్ము భర్తది, తీర్చే బాధ్యత మళ్ళీ భార్యదే.

అప్పే వద్దనడం లేదు. ఘనాలో ఎస్తేర్ ఓక్లూ బంధువు ఇచ్చిన పది షిల్లింగులతో మార్మలేడ్ చేసి అమ్మడం మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా ఎదిగింది. ఆడవాళ్ళకు బ్యాంకు తలుపులు తెరుచుకోవాలనే 1979లో ఉమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ అనే సంస్థ స్థాపకుల్లో ఒకరైంది. వ్యాపారం తెలిసిన మనిషికి అప్పు అక్కరకొస్తుంది. ఆ వ్యాపారం ఏమిటో తెలియకుండా మీరు అంటగడితే అది ఆమె మెడకు చుట్టుకుంటుంది.

నైజర్‌లో ఉద్యోగమొచ్చినా, ఆదిలాబాద్‌లో వచ్చినా, ముందు కొన్ని నెలలు ఆ చాప మీద కూర్చోండి. పథకం రాసేముందు, భర్తలూ అత్తలూ దగ్గర లేనప్పుడు, అప్పు డబ్బు ఎవరి మాట మీద ఖర్చవుతోందో అది తీసుకున్న ఆడమనిషినే అడగండి. ఆమె చెప్పేదాకా కాగితం మీద కలం పెట్టకండి.