పరీక్షించుట అవిశ్వాసము కాదు

(శతవార్షికోత్సవ కూడికలో నయాపూల్ ప్రాంత సంఘస్థుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మాకిచ్చిన అంశము ఆత్మీయ మోసము. పండుగ పూట ఇదేమి అంశమని కొందరు నొచ్చుకొన్నారు. నూరేండ్ల ఇల్లు గనుక తలుపులకు గడియలు సరిగా పడుచున్నవో లేదో ఒకసారి చూచుకొనుట మంచిదేనని మా అభిప్రాయము.

మా వంతెన సంగతి మీరెరుగుదురు. 1578లో కట్టిన పురానాపూల్ కంటె తరువాతిది గనుక దీనికి నయాపూల్ అని పేరు వచ్చినది. 1908 నాటి మూసీ వరదకే ఇది పాతది, అయినను నేటికిని "క్రొత్త వంతెనే". క్రొత్త ప్రత్యక్షత అని మన యొద్దకు వచ్చు బోధలు పెక్కు ఇట్టివే. రెండవ శతాబ్దములోనే ఫ్రుగియ దేశములో మోంటానస్ అనువాడు పరిశుద్ధాత్మ తన నోటనే మాటలాడుచున్నాడని చెప్పి జనమును వెంట తిప్పుకొన్నాడు.

వంతెన దాటి నాలుగడుగులు వేసిన సాలార్‌జంగ్ మ్యూజియము. పిల్లలను తీసికొని వెళ్లినవారందరు గంటలు కొట్టు గడియారము దగ్గర నిలిచిపోదురు. మేము చెప్పదలచినది ఇంకొకటి. పందొమ్మిదవ శతాబ్దములో ఫ్రాన్సు దేశమున ఒకే దుంగలో రెండు రూపములు చెక్కిన కొయ్య బొమ్మ అక్కడ ఉన్నది. ముందు వైపు మెఫిస్టోఫిలిస్, అనగా జర్మను కవి గోథే వ్రాసిన ఫౌస్ట్ నాటకములోని అపవాది, గర్వముగా నిలుచున్నాడు. వెనుక వైపు మార్గరెట్టా అను అమాయకపు పిల్ల తల వంచుకొని, చేత ప్రార్థన పుస్తకముతో నిలుచున్నది. వెనుక పెట్టిన అద్దములో ఆమె మనకు కనబడును.

దీనిని చూచి అపవాది భక్తి వేషము వేసికొనునని చెప్పువారున్నారు. సాతాను వెలుగుదూత రూపము ధరించునని 2 కొరింథీయులకు 11వ అధ్యాయములో పౌలు చెప్పినది నిజమే. కాని ఆ కథలో మార్గరెట్టా మోసగత్తె కాదు, మోసపోయిన పిల్ల. ప్రార్థన పుస్తకము చేతనుండగానే మోసపోయినది. మమ్మును కలవరపెట్టునది ఇదియే. దొంగ బోధకుడు నాస్తికుని ఇంటి తలుపు తట్టడు. ఉపవాస కూటములకు తప్పక వచ్చు తల్లుల ఇండ్లకు వచ్చును.

మా సంఘములో ఒక సహోదరికి క్షయ వచ్చినది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితముగా ఇచ్చినారు. సాధారణముగా ఈ మందులు ఆరు నెలలు ఆపకుండ వాడవలెను. అయితే మొదటి రెండు నెలలలోనే దగ్గు తగ్గి, జ్వరము పోయి, ఆకలి పుట్టును. సరిగా ఆ సమయమున పరాయి ఊరి ప్రసంగీకుడొకడు వచ్చి తల మీద చేయి ఉంచి, స్వస్థత జరిగినది, ఇక మాత్రలు మ్రింగుట దేవుని అనుమానించుటయే అన్నాడు. మందు చేసిన మేలు తన లెక్కలో వ్రాసికొన్నాడు. ఆమె చెవి కమ్మలు కానుకగా ఇచ్చి మాత్రలు పారవేసినది. నాలుగు నెలలకు దగ్గుతో రక్తము పడినది. మందు మధ్యలో ఆపినచో క్రిములు దానికి లొంగకుండ పోవచ్చునని డాక్టర్లు మొదటనే చెప్పియుండిరి. రెండవసారి చికిత్స ఎంతో కఠినమైనది. ఆమె బ్రతికినది, దేవునికి స్తోత్రము. కమ్మల మాట మాత్రము ఆ ఇంట ఎవరును ఎత్తరు.

ప్రార్థన చేయించుకొనుట తప్పని మేము చెప్పుట లేదు. మేమును చేయుదుము. కాని హిజ్కియా రాజు కథ తీసి చూడుడి. అతడు కన్నీటితో ప్రార్థించెను. ఆయుష్షు పొడిగించెదనని దేవుడే మాట ఇచ్చెను. అంత మాట వచ్చిన తరువాత కూడ యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించెను. ఆ ముద్దను అవిశ్వాసమని యెషయా అనలేదు.

ఇంతకంటె భయంకరమైనది లోకము 1978లో చూచినది. అమెరికాలో జిమ్ జోన్స్ అను బోధకుడు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి, నల్లవారిని తెల్లవారిని ఒకే బల్లపై కూర్చుండబెట్టి పేరు తెచ్చుకొన్నాడు. ఆ మంచి పని నిజమైనదే. స్వస్థత కూటములలో కోడి లోపలి భాగములను చూపి క్యాన్సరు గడ్డలని నమ్మించినట్లు అతనిని విడిచి వచ్చినవారు తరువాత చెప్పినారు. చివరకు గయానా అడవిలో నవంబరు 18న 900కు పైగా ప్రాణములు పోయినవి. అందులో దాదాపు మూడవ వంతు పిల్లలు. వారికి విషము పట్టించినారు. అడుగుట ద్రోహమని నేర్పిన చోట ఇంతవరకు పోవచ్చును.

మన యొద్ద కూడ ఆ నేర్పు ఉన్నది. అభిషిక్తులను ముట్టకూడదను కీర్తన మాటను అడ్డము పెట్టుకొని లెక్క అడిగినవారిని శపించు ప్రసంగీకులను మీరును విన్నారు. 105వ కీర్తన విప్పి చూడుడి. ఆ మాట కొద్దిమందియై పరదేశులుగా తిరిగిన పితరులకు కీడు చేయవద్దని రాజులతో చెప్పబడినది. బలవంతుని చేతినుండి బలహీనుని కాపాడు మాట అది. కారు దిగి వేదిక ఎక్కువాని కానుకల లెక్కకు అది కవచము కాదు.

మన పట్టణములోనే చాలకాలము పరిచర్య చేసిన భక్త సింగ్ గారి సంగతి పెద్దలకు తెలియును. వారి సహవాసము వేరు, మన సంఘక్రమము వేరు. అయినను చెప్పక తప్పదు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టిన ఆయన, యౌవనమున చేతికి వచ్చిన బైబిలు అట్ట బాగున్నదని ఉంచుకొని లోపలి పుటలు చించివేసితినని తానే సాక్ష్యమిచ్చెడివారు. తరువాత 1929లో కెనడాలో క్రొత్త నిబంధనను తానుగా అడిగి తీసికొని చదువ మొదలుపెట్టి క్రీస్తును ఎరిగినారు. 1933లో స్వదేశము వచ్చినారు. 2000 సెప్టెంబరులో ఈ హైదరాబాదులోనే నిద్రించినారు. ఒకరు తల మీద చేయి పెట్టగా కాక, పుటలు తిప్పగా ఆయనకు సత్యము దొరికినది. మనలో కొందరము జిప్పు సంచి కుట్టించి బైబిలును భద్రముగా మోయుచున్నాము, పుటలు మాత్రము అంటుకొనియే ఉన్నవి.

బెరయవారిని చూడుడి. వచ్చినవాడు పౌలు! అయినను ఆయన చెప్పినది నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములు వెదకినారు. అందుకు లూకా వారిని ఘనులని వ్రాసినాడు. గాయములు చూడనిదే నమ్మనన్న తోమాను ప్రభువు బయటకు గెంటలేదు, చేతులు చాచి చూపినాడు.

మా పేటలో స్త్రీల మైత్రివారు ఇప్పుడొక పద్ధతి పెట్టుకొన్నారు. బయటి కరపత్రము ఏది వచ్చినను గురువారపు కూడికలో అందరి ఎదుట చదువుదురు. దానిలో చెప్పిన వచనమును ముందు వెనుకల వచనములతో కలిపి చూతురు. డబ్బు ఎవరి పేరున పోవునో అడుగుదురు. మందు మానుమన్నచో ఆ కాగితము అక్కడనే ప్రక్కన పెట్టుదురు. మొదట ముగ్గురే వచ్చెడివారు. ఇప్పుడు మగవారును గుమ్మము దగ్గర నిలువబడి వినుచున్నారు.

అధ్యక్షులవారు ప్రశ్నలకు అరగంట ఇచ్చినారు. మేము చెప్పిన హిజ్కియా సంగతి రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయములో, బెరయవారి సంగతి అపొస్తలుల కార్యములు 17లో ఉన్నవి. తీసి చూచుకొని, మేము చెప్పినది సరిగా లేనిచోట లేచి అడుగుడి.