వేడి యంత్రపు నాడి

మరుగు నీటిని మించిన వేడిలో తిరుగు గ్యాసు టర్బైను నాడిని చూచుట యెట్లు?

స్ఫటికములను నొక్కిన విద్యుదావేశము పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. అట్టి స్ఫటికమును లోహపు డిబ్బీలో నమర్చి యంత్రమునకు బిగింతుము. కొన్ని డిబ్బీలు 480 సెంటిగ్రేడు డిగ్రీలకు సైతము ఓర్చును. ఎలక్ట్రానిక్ భాగములు ఓర్వవు. కావున ఆవేశమును వోల్టేజిగా మార్చు ఆంప్లిఫయరును దూరముగా, చల్లని చోట నుంచుదుము. 1950లో వాల్టర్ కిస్ట్లర్ దీనికి పేటెంటు పొందెను.

చిక్కంతయు నడుమనున్న కేబులుతోనే. స్ఫటిక మిచ్చు ఆవేశము అత్యల్పము. కేబులు ఊగినచో లోపలి పొరల రాపిడివలన దొంగ ఆవేశము పుట్టును. కనెక్టరులో తడి చేరినచో కొలత నిలకడ తప్పును. అందుచేత రాపిడి సద్దు తక్కువగు కేబులునే వాడి, కదలకుండ కట్టి, కనెక్టరును తుడిచి, పొడిగా నుంచవలెను. ఏమరినచో మంచి యంత్రమును ఆపుదుము, చెడినదానిని నడుపుచుందుము. కంపము యంత్రముదా, కేబులుదా యని మొదట విచారింతము.