ఫోను ద్వారా సొమ్ము లావాదేవీలు – రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు
(రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏటా ఈ సదస్సులో నన్ను వేరుశనగ సాగును గూర్చి మాట్లాడమని అడుగుచుందురు. ఈసారి నేనే అనుమతి తీసికొని విషయమును మార్చినాను. వేరుశనగను గూర్చి మధ్యాహ్నము మా సహోద్యోగి చెప్పుదురు. ఇప్పుడు ఫోనును గూర్చి, ఫోనులో మనము చేయు సొమ్ము లావాదేవీలను గూర్చి చెప్పదలచినాను. సస్యశాస్త్రము బోధించువానికి ఈ గొడవ ఎందుకని మీరు అనుకొనవచ్చును. దానికి కారణము నా స్వంత అనుభవమే. సిగ్గుపడవలసిన సంగతి అయినను మొదట దానినే చెప్పెదను.

గడచిన మే నెలలో ఒకనాటి ఉదయము, నాతో చదువుకొనిన మిత్రుని వాట్సాప్ నుండి ఒక సందేశము వచ్చినది. "మామా, నాకు రావలసిన ఆరంకెల సంఖ్య పొరపాటున నీ ఫోనుకు వచ్చింది, కాస్త పంపు" అని అందులో ఉన్నది. నిజముగానే అప్పుడే నా ఫోనుకు ఒక ఆరంకెల సంఖ్య వచ్చినది. తరగతికి పోవు తొందరలో దాని క్రింద ఏమి వ్రాసినదో చదువకయే పంపివేసినాను. అది నా వాట్సాప్‌ను మరియొక ఫోనులో తెరచుటకు కావలసిన సంఖ్య. ఎవరికిని చెప్పవద్దని ఆ సందేశములోనే ఉన్నది. నిమిషము గడువక ముందే నా ఫోనులో వాట్సాప్ మూతపడినది. మిత్రుని ఖాతాను ముందునాడే దొంగలు ఇదే రీతిగా తీసికొని ఉండిరని తరువాత తెలిసినది.

పోయినది నా ఖాతా మాత్రమే అయినచో ఈ కథ మీకు చెప్పవలసిన పని లేదు. పురుగు పట్టిన ఆకుల ఫోటోలు పంపి సలహా అడుగుటకు రైతులతో ఒక వాట్సాప్ గ్రూపు నడుపుచున్నాను. దొంగ ఆ గ్రూపులోని వారికి ఒక్కొక్కరికి విడివిడిగా నా పేరుతో వ్రాసినాడు. "ఆసుపత్రిలో ఉన్నాను, అత్యవసరముగా తొమ్మిదివేల ఐదువందలు పంపండి, సాయంత్రము ఇచ్చెదను" అని. చాలమంది నాకు ఫోను చేసి అడిగినారు. ఒక పెద్దాయన మాత్రము ఫోను చేయలేదు. విత్తనపు కాయలకని దాచుకొనిన సొమ్మును పంపినాడు. మూడవనాడు కలిసినప్పుడు, "సారు కష్టంలో ఉన్నప్పుడు ఫోన్ చేసి విసిగించడం ఎందుకులే అనుకున్నాను" అన్నాడు. నేను ఇచ్చిన సలహాలను ఆరేండ్లుగా నమ్మి సేద్యము చేయుచున్న మనిషి. ఆ నమ్మకమునే దొంగ వాడుకొన్నాడు. సొమ్ము తిరిగి రాలేదు. నేను ఇవ్వబోగా ఆయన పుచ్చుకొనలేదు; చివరకు విత్తనము కొని ఇంటికి పంపినాను.

ఈ మోసములో తాళము పగులగొట్టిన వాడెవడును లేడు. తాళపుచెవిని నేనే చేతికిచ్చినాను. ఫోనులో జరుగు మోసములు చాలవరకు ఈ తీరునే ఉండును గనుక, మన చేతిలో ఉన్న తాళపుచెవులు ఏవో గుర్తెరుగవలెను.

మొదటిది, నేను పోగొట్టుకొనినదే: ఫోనుకు వచ్చు ఆరంకెల సంఖ్య. దీనినే ఓటీపీ అందురు. ఇది అడిగినవాడు మీ అన్నదమ్ముడైనను, బ్యాంకు మేనేజరైనను ఇవ్వరాదు. వాట్సాప్‌లో దీనికి తోడుగా రెండవ తాళము వేసికొను సదుపాయము కలదు. సెట్టింగులలో అకౌంట్ అనుచోట 'టూ స్టెప్ వెరిఫికేషన్' అని ఉండును. అక్కడ మీకు నచ్చిన ఆరంకెల పిన్ పెట్టుకొనినచో, దొంగకు ఓటీపీ దొరకినను ఆ పిన్ లేక లోపలికి పోలేడు. రెండు నిమిషముల పని. నేను చేసి ఉండలేదు. ఒకవేళ ఖాతా పోయినచో వెంటనే మీ ఫోనులో వాట్సాప్ తెరచి, మీ నెంబరు ఇచ్చి, క్రొత్తగా వచ్చు ఓటీపీని కొట్టవలెను. దానితో దొంగ బయటపడును. వాడు ముందుగానే తన పిన్ పెట్టి ఉన్నచో మీరు లోపలికి పోవుటకు ఏడు రోజులు ఆగవలసి వచ్చును; కాని వాడు కూడ దానిని వాడలేడు.

ఎవరైనను సందేశములో సొమ్ము అడిగినచో, ఆ మనిషికి మామూలు ఫోను చేసి గొంతు వినండి. విసిగించినట్లగునని సంకోచము వలదు.

రెండవ తాళపుచెవి యూపీఐ పిన్. ఫోన్‌పే, గూగుల్‌పే మొదలగు యాప్‌లన్నియు 2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతిపైననే నడచుచున్నవి. ఇందులో పిన్ కొట్టుట అనగా బ్యాంకులో సొమ్ము తీయు కాగితముపై సంతకము చేయుట వంటిది. మీ ఖాతాలోనికి సొమ్ము వచ్చుటకు మీ సంతకముతో పనిలేదు గదా! నిల్వ చూచుకొనుటకు తప్ప, పిన్ అడుగుచున్నదనగా మీ సొమ్ము బయటకు పోవుచున్నదని అర్థము. గేదెను గాని, పాత మోటారును గాని అమ్మకమునకు పెట్టినప్పుడు ఎవడో బేరమాడకయే ఒప్పుకొనును. తాను సైన్యములో ఉన్నాననును. బయానా పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టుమనును. కొట్టితిరా, బయానా మీరే వానికి ఇచ్చినవారగుదురు. పూర్వము సొమ్ము కొరకు అభ్యర్థన పంపి ఇట్లే మోసగించెడివారు. వ్యక్తుల మధ్య అటువంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసినారు. క్యూఆర్ కోడ్‌లు, లింకులు మాత్రము ఉన్నవి. అన్నట్లు, బేరమాడకుండ గేదెను కొనువానిని మీరెన్నడైన చూచినారా?

మూడవది అన్నిటికన్న ప్రమాదకరమైనది. పి.ఎం. కిసాన్ సొమ్ము ఆగిపోయినదనియో, బ్యాంకు ఖాతా మూతపడుననియో ఒక సందేశము, దాని వెంట ఒక ఫైలు వచ్చును. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉండును. అది ఉత్తరము కాదు, ఫోటో కాదు. ఫోనులో దిగి కూర్చుండు యాప్. దానిని వేసికొనినచో మీ సందేశములు చదువుటకు అనుమతి అడుగును. ఇచ్చినచో బ్యాంకు నుండి వచ్చు ఓటీపీలు మీకన్న ముందు దొంగకు చేరును. ఇక మిమ్ము అడుగవలసిన పనియే వానికి లేదు. పి.ఎం. కిసాన్ క్రింద 2019 నుండి ఏడాదికి ఆరువేల రూపాయలు మూడు వాయిదాలలో నేరుగా ఖాతాలో పడుచున్నవి. దానికై ఎవరును మీకు వాట్సాప్‌లో ఫైలు పంపరు. ఈ-కేవైసీ కావలసినచో సి.ఎస్.సి. కేంద్రమునకు పోయి వ్రేలిముద్ర వేయవచ్చును.

ధ్రువీకరించిన విత్తనపు సంచికి నీలి చీటీ ఉన్నదా అని చూచి, బిల్లు అడిగి కొనుమని మీకు ఎన్నో మారులు చెప్పియున్నాము. దారిని పోవువాడు చీటీ లేని సంచి పొలము గట్టున దింపిపోయినచో విత్తుదురా? యాప్ కూడ ఫోనులోని ప్లేస్టోర్ నుండి మాత్రమే తీసికొనవలెను. అక్కడ కూడ కల్తీ బొత్తిగా ఉండదని చెప్పలేను. చీటీలలో మాత్రము దొంగవి లేవా! అయినను అపాయము చాల తగ్గును. పొరపాటున అట్టి ఫైలును వేసికొనినచో, ముందుగా ఫోనులో ఇంటర్నెట్టును ఆపి, మరియొకరి ఫోను నుండి బ్యాంకుకు చెప్పవలెను.

ఇంకొక సంగతి చాలమంది ఎరుగరు. రీచార్జి చేయక వదలివేసిన నెంబరును రద్దయిన 90 రోజుల తరువాత కంపెనీవారు వేరొకరికి ఇవ్వవచ్చును. ఆ పాత నెంబరే మీ బ్యాంకు ఖాతాకు ఉండిపోయినచో, మీ ఓటీపీలు ఎవరికి పోవునో ఆలోచింపుడు. నెంబరు మార్చిననాడే బ్యాంకుకు పోయి క్రొత్తది వ్రాయించండి.

ఇంత జాగ్రత్త పడినను సొమ్ము పోయినచో ఏమి చేయవలెను? చెరువుకు గండి పడినప్పుడు ఎన్ని మళ్లు మునిగినవో లెక్క చూచుచు నిలుచుండము. ముందు గండి పూడ్చుదుము. ఇక్కడను అంతే. వెంటనే 1930 అను నెంబరుకు ఫోను చేయవలెను. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు త్రిప్పి, తీసికొనిపోవుటకు ముందే ఫిర్యాదు అందినచో, ఆ ఖాతాలో సొమ్మును నిలుపుదల చేయు ఏర్పాటు 2021 నుండి ఉన్నది. లావాదేవీకి పన్నెండంకెల సంఖ్య ఒకటి ఉండును. యాప్‌లో చూచి దానిని చెప్పవలెను. తరువాత బ్యాంకులో కూడ ఫిర్యాదు వ్రాసి ఇచ్చి, రసీదు పుచ్చుకొనండి. ఇది మరువవద్దు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశము ప్రకారము, ఖాతాదారు తానే ఓటీపీ, పిన్ చెప్పి సొమ్ము పోగొట్టుకొనినచో, బ్యాంకుకు తెలియజేయు వరకు పోయినదంతయు అతని నష్టమే. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకు భరించవలెను. బ్యాంకులో గాని ఖాతాదారులో గాని లోపము లేక, వేరెక్కడనో జరిగిన లోపము వలన సొమ్ము పోయినచో, బ్యాంకు సమాచారము అందిన మూడు పనిదినములలో చెప్పిన ఖాతాదారునికి నష్టము లేదు.

మా పెద్దాయన మూడు రోజులు ఎవరికిని చెప్పలేదని చెప్పితిని గదా. సారు ఇచ్చునులే అని కొంత, ఇంటిలోనివారు నవ్వుదురని కొంత. నేను కూడ ఆ ఉదయము ఖాతా పోయినదని తెలిసియు, గ్రూపులోని వారికి కబురు చేయుటకు మధ్యాహ్నము దాక జాగు చేసినాను. చదువుకొనిన వాడను, ఎట్లు చెప్పుదునని సంకోచించినాను. ఆయన సొమ్ము పంపినది ఆనాడు పదకొండు గంటలకు.

ఇప్పుడు టీ విరామము. ఫోనులు తెచ్చినవారు ప్రక్క గదిలోనికి రండి. మా విద్యార్థులు నలుగురు అక్కడ ఉన్నారు. వాట్సాప్‌లో రెండవ తాళము ఎట్లు వేయవలెనో చూపుదురు. పిన్ మాత్రము మీరే కొట్టండి. వారికి కూడ చూపవద్దు.