వసంతంలో హిమాలయ మంచు: అడుగు వేసే ముందు



మన ఇళ్ళ నుంచి సైన్యంలో చేరి మంచుకొండల మీద కాపలా కాసేవారున్నారు. మనాలీ, ఉత్తరకాశీ శిక్షణ సంస్థలకు వెళ్ళే యువతీ యువకులూ ఉన్నారు. వారిలో కొందరు స్కీయింగ్ నేర్చుకుని, జనసంచారం లేని వాలుల మీదికి వెళ్ళాలని ముచ్చటపడతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ ఎండ కాస్తుంది, చలి తగ్గుతుంది, అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. కాని 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారి మీద మంచు చరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అది పట్టపగలు జరిగింది.

వసంతపు మంచు పగలు కరిగి, రాత్రి గడ్డకడుతుంది. కొన్నాళ్ళకు పైపొర రాళ్ళ ఉప్పులా గుండ్రని పలుకులుగా మారుతుంది. ఉదయం రాయిలా ఉన్న ఆ పొర ఎండకు అంగుళం రెండంగుళాలు మెత్తబడినప్పుడే స్కీయింగుకు అనువైన సమయం. ఇంకా కరిగితే నీరు లోపలికి దిగి, పొరల పట్టు సడలిపోతుంది.

అందువల్ల మొదటి ప్రశ్న: రాత్రి మంచు గట్టిపడిందా? మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుందని, మబ్బు పట్టిన రాత్రి ఉక్కగా ఉంటుందని మన రైతులకు తెలిసిందే. మంచుకూ అదే సూత్రం. రాత్రంతా మబ్బు ఉండి, ఉదయం పైపొర పలచగా విరిగి కాలు దిగబడితే, ఆ రోజు ప్రయాణం మానుకోవాలి.

రెండోది ఎండ లెక్క. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణపు వాలు, చివరికి పడమటి వాలు. ఉత్తరపు వాలు మీద చలికాలపు పొడిమంచు నిలిచి ఉండవచ్చు. దానికి ఈ లెక్క పనికిరాదు.

మూడోది వెనుదిరిగే వేళ. బూటు చీలమండ దాకా దిగబడినా, మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా ఆలస్యం చేయకూడదు. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువగా జారుతాయి. వాటి మీదే కాదు, వాటి కిందా నిలబడకూడదు. కొత్త మంచు గాని వాన గాని పడితే, అది కుదురుకునేదాకా ఆగాలి.

చరియ కింద చిక్కినవారికి తొలి పది నిమిషాలే ప్రాణం. బయటి సహాయం అంతలో చేరదు, పక్కనున్నవారే తవ్వి తీయాలి. కనుక ఒంటరిగా వెళ్ళకూడదు. ప్రతి ఒక్కరి దగ్గరా సంకేతాలు పంపే ట్రాన్సీవర్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి.

మీ పిల్లలు కొండల నుంచి ఫోను చేస్తే, అన్నం తిన్నావా అని అడిగాక ఈ రెండు మాటలూ అడగండి: రాత్రి మంచు గట్టిపడిందా? ఎన్నింటికల్లా కిందికి దిగుతున్నావు?